ఒంటి సీటు ఫట్‌ఫటి

మా తమ్ముడు వెంకట్రాం కాళ్ళకు చక్రాలు కట్టుకునే పుట్టాడని మా అమ్మ అనేది. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి బళ్ళు మూతపడ్డప్పుడు తొర్రూరు పిల్లలంతా ఇళ్ళ ముందు గోలీలాడుకుంటుంటే, వీడు బాపు సైకిలేసుకుని జనగామ దాకా పోయాడు. ఎందుకురా అంటే రైలు చూడటానికట. పొద్దుగూకే వేళకు ఒళ్ళంతా దుమ్ముతో తిరిగొస్తే బాపు బెల్టు తీశాడు. తీసి, కొట్టే సంగతి మరిచిపోయి, రైలు ఎంత పొడుగుందిరా అని అడిగాడు. అట్లా గారాబం చేసి చేసి, వాణ్ని నా నెత్తిన పెట్టి అమ్మా బాపూ ఇద్దరూ వెళ్ళిపోయారు.

నన్నేమో మహదేవపూర్‌లో ఇచ్చారు. తొర్రూరు ఎక్కడ, మహదేవపూర్ ఎక్కడ! వరంగల్, పరకాల, భూపాలపల్లి అన్నీ అయ్యాక అడవి, అడవిలో వాగులు, అవీ దాటితే మేము. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఏదో ఒక బస్సు పట్టుకుని సకినాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని వచ్చేది. ఆమె పోయాక తొర్రూరు నుంచి మా ఇంటికి వచ్చే దారినే ఎవరో ఎత్తుకుపోయినట్టయింది.

తమ్ముడు ఉన్నాడు కదా అంటారేమో. ఉన్నాడు. వాడికి తిరగడానికి దేశం చాలదు గానీ అక్క ఇంటికి రావడానికి రోడ్డు బాగుండదు. దానికంతటికీ కారణం వాడి మోటారు సైకిలు, ఆ ఫట్‌ఫటి. మామూలు ఫట్‌ఫటి కాదది. ఎక్కడో పై దేశం మనిషి ఒకాయన ఎడారులు దాటి, కొండలెక్కి దిగి హైదరాబాదు దాకా వచ్చి, అక్కడ కామెర్లు పట్టుకుని, బండిని ఉన్నచోటనే అమ్మేసి విమానమెక్కాడట. అడవులూ ఎడారులూ తిరిగే మొండివాళ్ళ కోసం ఆ కంపెనీ ప్రత్యేకంగా కొన్ని బండ్లే చేసి ఆపేసిందట. ఈ ముక్క చెప్పేటప్పుడు మా తమ్ముడి గొంతు గుళ్ళో మాట్లాడినట్టు తగ్గిపోయేది.

ఎత్తు చూస్తే దున్నపోతంత ఉంటుంది. పెట్రోలు టాంకి మా వాకిట్లో నీళ్ళ గోలెమంత. ఇంజను రెండు పక్కలకూ పొడుచుకుని ఉంటుంది, పొగ గొట్టం నీళ్ళు చొరకుండా సీటు కిందికి ఎత్తి కట్టి ఉంటుంది. రెండు పక్కలా రెండు ఇనుప పెట్టెలు, వెనక ఇంకొక పెట్టె. ఇంత బండికీ సీటు మాత్రం ఒక్కటే. ఒక్కడు కూర్చోవాలి, వెనక సామాను కూర్చోవాలి. పెళ్ళాం కూర్చునే చోటు లేకుండా బండి చేసిన ఆ మహానుభావుడెవరో నాకు దొరకలేదు గానీ, దొరికితే నాలుగు మాటలు అడిగి ఉండేదాన్ని.

ఆ బండి మీద వాడు రామేశ్వరం పోయాడు, కశ్మీరు పోయాడు. ఒక్క బోల్టు మార్చనిచ్చేవాడు కాదు. వాడి భార్య ప్రమీల దిండు కవరుతో దాని సీటుకు తొడుగు కుట్టబోతే, కంపెనీ వాళ్ళు ఇచ్చినట్టే ఉండాలని పెద్ద పంచాయితీ పెట్టాడట. ఈ సంగతి నాకు వేరేవాళ్ళు చెప్పారు. ఎందుకంటే ప్రమీలకూ నాకూ మాటల్లేవు. మానుకోటలో ఒక పెళ్ళికి ఆమె పులుసు పెట్టింది. ఉప్పెక్కువైందని నలుగురిలో నేనన్నాను. ఎక్కువైంది కాబట్టే అన్నాను. మా వదినె నోట్లనే ఉప్పున్నది అని ఆమె అన్నది. అక్కడితో మా మాటలు బందయ్యాయి. నా కోపం సంగతి మహదేవపూర్ మొత్తానికీ తెలుసు, ప్రమీలది నా కన్నా ఒక మెట్టు పైనే.

ఇట్లా ఉండగా ఎనభై ఎనిమిది శ్రావణంలో మేము కొత్త ఇంట్లో కాలుపెట్టాల్సి వచ్చింది. టేకు దర్వాజాలు, పెంకుల కప్పు, ముందు పెద్ద అరుగు. మా ఆయన హన్మంత్ నెమ్మది మనిషి, గోడ గోడకూ నా అభిప్రాయం అడిగి కట్టించాడు. అన్నీ కుదిరాయి. కుదరాల్సింది ఇంకొక్కటే, ఒడిబియ్యం.

మా దిక్కు ఆడబిడ్డ కొత్త ఇల్లు చొచ్చిన రోజు తల్లిగారింటి వాళ్ళు వచ్చి ఆమె ఒళ్ళో పసుపు కలిపిన బియ్యం పోస్తారు. ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు, మీద ఒక చీర. ఆ బియ్యం పడితే ఆమె వెనక ఒక ఇల్లున్నట్టు. పడకపోతే? ఎవరూ ఏమీ అనరు. భోజనాల బంతిలో కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. దాని కన్నా తిట్టడమే నయం. మా తోటికోడలు సుగుణక్క ఇల్లు చొచ్చినప్పుడు ఆమె తల్లిగారు రెండు జీపుల నిండా దిగారు. ఆమె చెడ్డది కాదు గానీ, మీ తల్లిగారింటికెల్లి ఎవరెవరు వస్తున్నరు అని పొద్దున ఒకసారి, మాపున ఒకసారి అడిగేది. నాకు ఒళ్ళు మండేది. ఎవరొస్తారు? అమ్మ లేదు, బాపు లేడు. వాడొక్కడే.

తమ్ముడికి కబురు పంపాను, ఒడిబియ్యం పట్టుకుని రమ్మని. ప్రమీల పేరు ఎత్తలేదు. మగడు వస్తుంటే పెళ్ళాం వెంట రాదా, అది కూడా విడిగా చెప్పాలా అనుకున్నాను. వస్తున్నా అక్కా, ఏమీ పరేషాన్ కావద్దని వాడు తిరుగు కబురు పంపాడు.

ముహూర్తం దగ్గర పడ్డది, ముసురు పట్టుకున్నది. పట్టినది వదలకుండా కురిసింది. బస్సులు ముందు కాటారం దగ్గర ఆగాయి, తర్వాత భూపాలపల్లి దగ్గరే ఆగిపోయాయి. మధ్యలో వాగు పొంగిందన్నారు. ముహూర్తానికి ముందు రోజు మధ్యాహ్నం దాకా నేను దారి వైపు చూడనట్టు నటిస్తూ చూస్తూనే ఉన్నాను. ఈ వానలో ఎవరొస్తరు శారదా, మనసు కష్టపెట్టుకోకు అని సుగుణక్క ఓదార్చింది. ఓదారిస్తే నాకు ఇంకా కోపం వస్తుంది.

అప్పుడు వినబడింది చప్పుడు. డుగుడుగుమంటూ అడవి వైపు నుంచి. పిల్లలు ముందు పరుగెత్తారు, వాళ్ళ వెనక మగవాళ్ళు. కప్పు మీద పెంకులు సర్దుతున్నవాడు కూడా దిగి పోయాడు. నెత్తికి కుండలాంటి టోపీ, కళ్ళకు అద్దాలు, మోకాళ్ళ కింది దాకా కోటు, మొత్తం బురద. అందులోంచి మా తమ్ముడి పళ్ళు మాత్రం తెల్లగా కనబడ్డాయి. నా కోపమంతా ఎటు పోయిందో పోయింది. నాకూ ఒకడున్నాడు, చూడండని ఊరంతటినీ పిలిచి చూపించాలనిపించింది.

పిలవకుండానే ఊరంతా వచ్చింది. వాడు బండిని అరుగు ముందు నిలబెట్టి, దిగీ దిగకముందే వాగు కథ మొదలుపెట్టాడు. నీళ్ళు టాంకి దాకా వచ్చాయట. ఇంజను ఆగితే మళ్ళీ లేవదని ఊపిరి బిగబట్టి దాటాడట. తర్వాత గారడీవాడి లాగా ఒక్కొక్క పెట్టె మూత తీశాడు. మూతల చుట్టూ రబ్బరు. ఒకదాంట్లో పసుపు బియ్యం, ఒకదాంట్లో కుడుకలు, ఖర్జూరాలు, వెనక పెట్టెలో ఆకుపచ్చ పట్టుచీర.

“వాగుల మునిగి లేచిన అక్కా. ఒక్క గింజ తడిసిందేమో చూడు.”

తడవలేదు. పిడికెడు తీసి చూశాను, అన్నీ పొడిగా గలగలలాడుతున్నాయి. నా కళ్ళు నిండాయి. అప్పుడు సుగుణక్క బండి చుట్టూ ఒకసారి తిరిగి, దారి వైపు చూసి అడిగింది, మరి ప్రమీల ఏదని.

మా తమ్ముడు ఆమెను చూశాడు, నన్ను చూశాడు, చివరికి బండిని చూశాడు.

“ఎట్ల తెస్తనక్కా? సీటొక్కటే ఉన్నది.”

సంగతేమిటంటే, మా ఇళ్ళల్లో ఒడిబియ్యం మగవాడు పొయ్యడు. తల్లి పోస్తుంది. తల్లి లేకపోతే తమ్ముడి పెళ్ళాం పోస్తుంది. తమ్ముడు పక్కన నిలబడి కుడుకలందిస్తాడు, అంతే వాడి పని. వీడు వాగులు దాటి, బియ్యం తెచ్చి, చీర తెచ్చి, ఖర్జూరాలు కూడా మరిచిపోకుండా తెచ్చి, పోసే మనిషిని తొర్రూరులో వదిలిపెట్టి వచ్చాడు.

నేను అన్న మాటలన్నీ ఇక్కడ రాయను. కశ్మీరు నుంచి కుంకుమపువ్వు తేగలిగినవాడికి ఇంట్లోంచి పెళ్ళాన్ని తేవడం చేతకాలేదా అని మాత్రం అడిగాను. వాడు తడిసిన కోడిలాగా నిలబడ్డాడు.

“బియ్యమే గద అక్కా కావాల్సింది?”

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వు ఆగక సుగుణక్క స్తంభం వెనక్కి పోయింది. కాసేపటికి వచ్చి, పోనీ నేను పోస్తాలే, ఎవరు పోస్తే ఏమిటి అన్నది. మంచి మనసుతోనే అని ఉంటుంది. కానీ అత్తగారింటి చేత్తో తల్లిగారి బియ్యం పోయించుకుంటే నాకు తల్లిగారిల్లు లేదని నేనే చాటుకున్నట్టు. వద్దన్నాను. లోపలికి పోయి కొత్త గోడకు వీపు ఆనించి కూర్చున్నాను. కట్టించుకున్న ఇల్లంతా ఒక్కసారి పరాయిదిగా కనబడింది.

బయట మా తమ్ముడు చాలాసేపు బండి చుట్టూ తిరిగాడు. తర్వాత పానా తీశాడు. ఒక్క బోల్టు మార్చనివ్వని మనిషి, వెనక పెట్టెను తన చేత్తో విప్పి అరుగు మీద పెట్టాడు. దర్వాజాలు చేసిన వడ్ల సాంబయ్యను పిలిచి, ఇక్కడ ఒక మనిషి కూర్చునే చోటు కావాలన్నాడు. సాంబయ్య బండిని తట్టి చూసి, మా దర్వాజాల్లో మిగిలిన టేకు చెక్క ఒకటి తెచ్చి, చిత్రిక పట్టి, అంచులు గుండ్రం చేసి బిగించాడు. దాని మీద మా అత్త బొంత నాలుగు మడతలు వేసి గోనెసంచితో కుట్టాం. పట్టుకోవడానికి ఒక నాగలి పిడిలాంటిది కూడా పెట్టాడు. ఆ కంపెనీ వాళ్ళు చూస్తే అక్కడికక్కడే మూర్ఛపోయేవాళ్ళు. మా తమ్ముడు దాన్ని చూసి గట్టిగా నిట్టూర్చాడు.

తెల్లవారుజామున లేచి వాడు బయలుదేరాడు. ఎక్కడిదాకా పోతావురా, తొర్రూరు పోయి ఎప్పుడొస్తావు అంటే, నువ్వు బంతి ఆపి ఉంచక్కా, నేను తెస్తానన్నాడు. వాన తగ్గింది గానీ వాగు తగ్గిందో లేదో ఎవరికీ తెలియదు.

పాలు పొంగించాం. వ్రతం అయింది. చేయించిన అయ్యగారు తాంబూలం తీసుకుని, నాకు ఇంకొక ఇంట్లో పని ఉందని రెండుసార్లు గుర్తుచేశారు. వంటలు దిగాయి. పప్పు, బచ్చలికూర, గారెలు, బెల్లపన్నం, అన్నీ ఆవిర్లు కక్కుతున్నాయి. చుట్టాలు అరుగు నిండా కూర్చుని గిన్నెల వైపు చూడనట్టు చూస్తున్నారు. వడ్డిద్దామా అని మా ఆయన మెల్లగా అడిగాడు. ఒళ్ళో బియ్యం పడేదాకా విస్తరి పడదని చెప్పాను. ఆయన అందరికీ మళ్ళీ చాయ్ పోయించాడు. పొద్దు నెత్తి మీదికొచ్చేసరికి చాయ్ తాగి తాగి చుట్టాల మొహాలు వాడిపోయాయి. మా పెద్దమామ ఒకాయన, ఒడిబియ్యం మాట దేవుడెరుగు, మాకు ఆ గారెలన్నా పొయ్యండి అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. అప్పటికి నా మనసు బియ్యం మీద లేదు. వాగు మీదుంది. టాంకి దాకా వచ్చాయన్న నీళ్ళు ఈ రోజు ఎంత దాకా ఉన్నాయో! ఇంతకూ వాణ్ని పంపింది ఎవరు? నేనే. నా నోరు. ఒడిబియ్యం లేకపోతే పాయె, ఊరంతా నవ్వుకుంటే నవ్వుకోనీ, నా తమ్ముడు ప్రాణాలతో తిరిగొస్తే చాలు తల్లీ అని కొత్త దేవుడి గూడు ముందు నిలబడి మొక్కాను. మొక్కుతూ ఉండగానే పిల్లలు అరిచారు.

బండి అరుగు ముందుకొచ్చి ఆగింది. ముందు వాడు. వెనక టేకు చెక్క మీద ప్రమీల. ఒక చేత్తో మగడి కోటు, ఇంకొక చేత్తో చెప్పులు పట్టుకుని ఉంది. పట్టుచీర మోకాళ్ళ దాకా బురద. జుట్టు మొహానికి అతుక్కుని ఉంది. దిగి, నడుం పట్టుకుని, ఆ చెక్క చేసినవాడెవరో వాని చేతులు ఇరుగ అని గొణిగింది.

తొర్రూరు పోయి ఇంత తొందరగా ఎట్లా వచ్చావురా అని మేమంతా వాణ్ని అడిగితే, వాడు మొదటిసారి కథ చెప్పకుండా పెళ్ళాం వైపు చూపించాడు. ముందు రోజు ప్రమీల చీర కట్టుకుని, బియ్యం మూతలు తానే బిగించి, కాళ్ళకు పసుపు రాసుకుందామని లోపలికి పోయి వచ్చేసరికి వాకిట్లో పొగ ఒక్కటే మిగిలి ఉందట. వెంటనే బస్సెక్కి పరకాల వచ్చింది, అప్పటికి ముందుకు బస్సుల్లేవు. ఆమె తల్లిగారిది మొగుళ్లపల్లి. అక్కడి నుంచి అన్న ట్రాక్టరు తెప్పించుకుని భూపాలపల్లి చేరింది. అక్కడ కట్టెల లారీవాణ్ని బతిమాలి వాగు దాకా వచ్చింది. అప్పటికి నీళ్ళు పెరిగాయి. లచ్చి అనే ముసలమ్మ ఇంట్లో పడుకుని, పొద్దెక్కి నీళ్ళు నడుం దాకా దిగగానే చెప్పులు విప్పి, ఇద్దరు బండ్లవాళ్ళ చేతులు పట్టుకుని వాగులో దిగింది. మా తమ్ముడు ఈవలి గడ్డకు చేరేసరికి ఆమె నడివాగులో ఉందట. వాడు పెళ్ళాం కోసం పోతే, ఆమె సగం దారి మీద నా కోసం వస్తూ ఉంది. ఇంత కథనూ ఆమె కాళ్ళు కడుక్కుంటూ నాలుగు ముక్కల్లో తేల్చేసింది.

నేను ఆమె ముందు నిలబడ్డాను. ఎంతో కాలానికి మాట్లాడుతున్నాను. నోటికి వచ్చిందే అన్నాను.

“నేను నీ పేరు పెట్టి పిలువనే లేదు గద ప్రమీలా.”

ఆమె చెంబు కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది.

“తల్లిగారోళ్ళను పిలుస్తరా వదినె? అత్తమ్మ పోయినంక నీ తల్లిగారిల్లంటే నేనే. నేను రాకుంటే ఎవరొస్తరు?”

నేను ఆ చెంబు అందుకుని ఆమె కాళ్ళ మీద నీళ్ళు పోశాను.

పీట వేశారు. కూర్చుని ఒడి పట్టాను. మా తమ్ముడు పక్కన నిలబడి బుద్ధిగా కుడుకలందించాడు. ప్రమీల దోసిళ్ళతో బియ్యం పోయడం మొదలుపెట్టింది. ఒడి నిండింది. చాలు ప్రమీలా అన్నాను. ఆమె వినలేదు. పోసిన బియ్యాన్ని అరచేత్తో మెల్లగా అదిమి, చోటు చేసి, మళ్ళీ పోసింది. మళ్ళీ అదిమింది. మా అమ్మ అచ్చం అట్లాగే అదిమేది. నా బిడ్డకు తక్కువ కావద్దని గొణుగుతూ అదిమేది. ఇది ఎక్కడ నేర్చుకున్నావు అని అడిగితే, అత్తమ్మే చూపించిందని, నా శారదకు నువ్వు గిట్లనే పోయాలె అన్నదని చెప్పింది. అమ్మ నాతో ఆ మాట ఎప్పుడూ అనలేదు. కోడలికి చెప్పిపోయింది.

లేవబోతే ఆ బరువుతో లేవలేకపోయాను. ప్రమీల రెండు చేతులూ నా చంకల కిందికి పోనిచ్చి లేపింది. లేచి, ఆమె బురద భుజం మీద తల పెట్టి ఏడ్చాను. గారెల కోసం చూస్తున్న చుట్టాల ముందు, అయ్యగారి ముందు ఏడ్చాను. సుగుణక్క ముందు కూడా ఏడ్చాను.